డాన్ ముయాంగ్ నుంచి చియాంగ్ మై దాకా అమ్మతో

2024లో మా అమ్మను వెంటబెట్టుకుని విశాఖపట్నం నుంచి నేరుగా బ్యాంకాక్ వెళ్లాను. ఇలాంటి సర్వీసులు ఒక సీజనులో ఉండి మరో సీజనులో ఆగిపోతుంటాయి కనుక, అవి లేనప్పుడు చెన్నై మీదుగానో కోల్‌కతా మీదుగానో వెళ్లాలి. బ్యాంకాక్‌లో సువర్ణభూమి, డాన్ ముయాంగ్ అని రెండు విమానాశ్రయాలు ఉన్నాయి. ఒకదానిలో దిగి మరొకదానిలో ఎక్కేలా టికెట్లు కొంటే ఊరి రద్దీలోనే సగం పూట గడిచిపోతుంది.

మేము డాన్ ముయాంగ్‌లో దిగాం. బయట ఒక టాక్సీ డ్రైవరు మీటరు వేయనని, 600 బాట్లు ఇస్తేనే వస్తానని అన్నాడు. అమ్మ మోకాళ్ల నొప్పుల దృష్ట్యా ఒప్పుకోబోయాను గానీ, పక్కనే రెడ్ లైన్ అనే సిటీ రైలు స్టేషను ఉందని గుర్తొచ్చింది. ఇద్దరికీ 40 బాట్లతో క్రుంగ్ తెప్ అఫివాట్ స్టేషను చేరుకున్నాం. 2023 జనవరి నుంచి దూరప్రాంత రైళ్లలో చాలావరకు పాత హువా లంపోంగ్ స్టేషనుకు బదులు ఇక్కడి నుంచే బయలుదేరుతున్నాయి.

నగరంలో ఉన్న రెండు రోజులూ స్కైట్రైనులో సఫాన్ తక్సిన్ వరకు వెళ్లి, దాని కిందే ఉన్న రేవులో చావో ఫ్రయా నదిలో తిరిగే పడవ ఎక్కేవాళ్లం. కండక్టరు పొడవాటి రేకు గొట్టాన్ని టకటకలాడిస్తూ వచ్చి, అందులోనే చిల్లర వేసుకుని, అందులోంచే టికెట్ చించి ఇచ్చేది.

ఉత్తర థాయిలాండ్‌లోని చియాంగ్ మైకి బ్యాంకాక్ నుంచి విమానంలో గంటకు కాస్త ఎక్కువ పడుతుంది. అయినా సుమారు 750 కిలోమీటర్ల దూరాన్ని రాత్రి రైలులోనే వెళ్లాలని నేను పట్టుబట్టాను, మళ్లీ వెళ్లినా అలాగే వెళతాను. రెండో తరగతి ఏసీ స్లీపరులో బెర్తులు మన సైడ్ లోయర్, సైడ్ అప్పర్ మాదిరిగా నడవకు రెండు వైపులా రైలు పొడవునా ఉంటాయి. చీకటి పడ్డాక అటెండరు వచ్చి, ఎదురెదురు సీట్లను కలిపి, పరుపు వేసి, దుప్పటి మడత లేకుండా లాగి, తెర కట్టి వెళ్లాడు. కింది బెర్తు వెడల్పుగా ఉంటుంది, ధర కొంచెం ఎక్కువ. పెద్దవాళ్లతో వెళ్లేవారు దానికే ముందుగా టికెట్ తీసుకోవాలి, ఎందుకంటే పై బెర్తుకు నిచ్చెన ఎక్కడం అమ్మలాంటివాళ్లకు సాధ్యపడే పని కాదు.

చియాంగ్ మైలో ఎర్ర సోంగ్‌తెవ్‌లే మాకు ఆధారమయ్యాయి. అవి వెనక రెండు బెంచీలు వేసిన చిన్న ట్రక్కులు. చెయ్యెత్తి ఆపి, వెళ్లవలసిన చోటు చెబితే, తన దారిలో ఉంటే డ్రైవరు తల ఊపుతాడు. దిగవలసిన చోట గంట నొక్కి, కిందికి దిగి, కిటికీ దగ్గర డబ్బులివ్వాలి. మద్దిలపాలెం నుంచి జగదాంబ వరకు షేర్ ఆటోలో తిరిగిన అలవాటుతో అమ్మ రెండో రోజుకల్లా నాకంటే ముందే గంట నొక్కేది.