ముక్కు వదిలితేనే తలపోటు వదిలేది

మా ఒంగోలు, గ్రానైట్ తవ్వే చీమకుర్తి వైపు నొసలు నొప్పి పుడితే చాలు, "సైనస్ పట్టింది" అనేస్తారు. నాది నిజంగా సైనసే. అయితే దాన్ని ఖాయం చేసింది నొప్పి కాదు, ముక్కు. పడిశం తగ్గుతున్నట్టే తగ్గి తిరగబెట్టింది. ముక్కు దిబ్బడ, గొంతులోకి జారే చిక్కటి పసుప్పచ్చ చీమిడి, వాసన తెలియకపోవడం, ఎడమ బుగ్గ బరువు, ఆ పక్క పైపళ్ళలో సలుపు. చెప్పులు తొడుక్కోడానికి వంగితే కంటి కింద పోటు. ఇవి లేకుండా తల దడదడా కొట్టుకుని, వాంతి వచ్చేట్టుండి, వెలుతురు గిట్టకపోతే అది చాలావరకు పార్శ్వపు నొప్పి (మైగ్రేన్). అందులోనూ ముక్కు కారొచ్చు, అందుకే జనం ఏళ్ళ తరబడి సైనస్ మాత్రలు మింగుతుంటారు.

సైనస్‌లంటే ముఖం ఎముకల్లోని గాలి గదులు. వాటిలో బుగ్గ ఎముక లోపలి గదికి ద్వారం అడుగున ఉండదు, పైన ఉంటుంది. గోడల మీది సన్నటి నూగు చీమిడిని పైకి తోసి బయట పడేయాలి. ద్వారం వాచిందంటే లోపలిది లోపలే నిల్వ. నాకు అలర్జీ ముందు నుంచీ ఉంది, గ్రానైట్ పొడి తోడైంది. నీళ్ళు పారిస్తూ రాయి కోసే చోట కొంత నయం, పొడిగా గ్రైండింగ్ పట్టే చోటే తంటా.

జలుబుతో వచ్చే సైనస్ ఎక్కువగా వైరస్‌దే, దానికదే తగ్గుతుంది. 10 రోజులు దాటినా తగ్గకపోయినా, తగ్గి తిరగబెట్టినా, 102 డిగ్రీల జ్వరం, చీము లాంటి చీమిడి 3, 4 రోజులు వదలకపోయినా బాక్టీరియా అని అనుమానించాలి. చీమిడి రంగొక్కటే చూసి తేల్చలేం. నాది రెండో లెక్క కాబట్టి డాక్టరు అమాక్సిసిలిన్-క్లావులనేట్ అనే యాంటీబయాటిక్ రాశారు.

ముక్కు తెరిపిన పడింది మాత్రం ఉప్పునీళ్ళతో. 240 మి.లీ. నీళ్ళు మరగకాచి గోరువెచ్చన చేసి, అయోడిన్ లేని ఉప్పు అర టీస్పూను, వంటసోడా చిటికెడు కలపాలి. కొఠారు కల్లుప్పులో ఇసక ఉంటుంది, మందులషాపు పొట్లాలే మేలు. సింకు మీదికి వంగి, తల పక్కకి వాల్చి, నోటితో ఊపిరి తీస్తూ పై ముక్కులో పోస్తే కింది ముక్కులోంచి వస్తాయి. చురుక్కుమంటే ఉప్పు పాళ్ళు తప్పినట్టు. పచ్చి బోరు నీళ్ళు, కుళాయి నీళ్ళు వద్దే వద్దు. వాటిలో ఉండే అమీబా అరుదే అయినా, ముక్కులోంచి మెదడుకెక్కితే ప్రాణాంతకం.

కడిగాక స్టెరాయిడ్ స్ప్రే. కుడి ముక్కుకు ఎడమ చెయ్యి, ఎడమ ముక్కుకు కుడి చెయ్యి. మొన అదే పక్క చెవి వైపు తిరగాలి. నడిమి దూలానికి కొడితే నెత్తురొస్తుంది, గట్టిగా పీలిస్తే మందు గొంతులోకి పోతుంది. గుణం తెలియడానికి వారాలు పట్టొచ్చు, రెండ్రోజులు కొట్టి పడేసేవాళ్ళే ఎక్కువ. జైలోమెటజోలిన్ చుక్కలు నిమిషాల్లో తెరుస్తాయి గానీ 5 రోజులు మించితే ముక్కు ఇంకా బిగుసుకుంటుంది. ఆవిరి హాయినిస్తుంది, అంతే. మరిగే గిన్నె మీదికి వంగి ఒళ్ళు కాల్చుకోవద్దు.

బాధ 12 వారాలు దాటితే ముక్కులోకి సన్న గొట్టం పెట్టి చూసే ఎండోస్కోపీ, అవసరమైతే సీటీ స్కాన్. ఒక పక్కే కంపు కొడితే పైదవడ పన్ను చూపించుకోవాలి. కన్ను వాచినా, చూపు రెండుగా తోచినా, మెడ బిగిసినా, షుగరున్నవాళ్ళకి ముఖం మొద్దుబారినా, ముక్కులో నల్లటి పెచ్చులు కనపడినా ఆ రోజే ఆస్పత్రికి.

నాకు నొప్పి ముందు పోయింది, వాసన ఆఖర్న వచ్చింది. ఇప్పుడు డాక్టరు చెప్పినట్టు, కార్తీకం ముసుర్లకు ముందే స్ప్రే మొదలుపెడుతున్నా. గ్రైండింగ్ దగ్గర ఎన్95 మాస్కు తియ్యను.