మొహానికి యాసిడ్

పొద్దున అక్క కూతురు హాస్టల్ నుంచి దిగింది. బ్యాగులోంచి బట్టల కన్నా ముందు ఒక ముదురు రంగు సీసా తీసి ఫ్రిజ్‌లో పెట్టింది. విటమిన్ సి, విటమిన్ ఇ, ఫెరూలిక్ యాసిడ్ కలిపిన సీరం అట. ధర విని మా అత్తమ్మ "గింత సీసకు గన్ని పైసలా!" అంది. ఆ వెంటనే అసలు టెన్షన్: "యాసిడ్ మొహానికి పూస్తరా బిడ్డా?"

ఇంట్లో కెమిస్ట్రీ చెప్పేదాన్ని నేనే కాబట్టి జవాబు నా మీద పడింది. చింతపండులోనూ యాసిడే కదా ఉండేది అన్నాను. ఫెరూలిక్‌ను 1866లో మొదటిసారి వేరు చేసింది ఇంగువ జాతి మొక్క నుంచి. తవుడులోనూ బాగా ఉంటుంది.

"తౌడా? మా ఊర్ల బర్రెలకు కుడితిల కలిపి పెడ్తుంటిమి" అని అత్తమ్మ ఒకటే నవ్వు. మా పిల్ల అప్పుడే తవుడు ఫేస్‌ప్యాక్ దాకా వెళ్లిపోయింది. అట్లా కుదరదు. తవుడులో ఈ యాసిడ్‌లో ఎక్కువ భాగం కణాల గోడలకు గట్టిగా అతుక్కుని ఉంటుంది, నీళ్లలో నానబెడితే ఊడిరాదు. క్షారమో ఎంజైమో కావాలి. బర్రె కడుపులోని సూక్ష్మజీవులకు ఆ ఎంజైములున్నాయి, మన మొహానికి లేవు.

నాకు నచ్చిన సంగతి వేరే. నీళ్లలో కలిపిన విటమిన్ సి నిలవదు, గాలీ వెలుతురూ తగిలితే పాడైపోతుంది. 2005లో అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీవాళ్లు 15 శాతం విటమిన్ సి, 1 శాతం విటమిన్ ఇ ఉన్న ద్రావణంలో అర శాతం ఫెరూలిక్ కలిపి చూశారు. విటమిన్లు నిలకడగా ఉన్నాయి, ఎండ నుంచి చర్మానికి దొరికే రక్షణ కూడా దాదాపు రెట్టింపైంది. ఆ పరీక్ష పంది చర్మం మీద జరిగిందని చెప్పగానే పిల్ల మొహం చూడాలి! సీరం గోధుమ రంగుకు తిరిగితే దాచుకోకుండా పారేయమని కూడా చెప్పాను. ఆ ధరకు పారేస్తుందన్న నమ్మకమైతే నాకు లేదు.

తీరా అడిగితే సన్‌స్క్రీన్ కొననే లేదు. డబ్బులన్నీ సీరానికే పోయాయట. వరంగల్ ఎండలో అది లేకుండా ఇది ఎంత పూసుకుంటే ఏం లాభం? సాయంత్రం హన్మకొండ చౌరస్తాకు పోయి కొనిపెట్టాను. సీరం ధర సంగతి అక్కకు ఏం చెప్పుకుంటుందో మాత్రం తన తిప్పలు తనవి.