వంటింట్లో సిగ్నల్ కోసం అప్పీలు దాకా వెళ్ళాను

చిట్టినగర్‌లో కొండవార మా ఇల్లు. వాకిట్లో ఫోను నిండా గీతలే, వెనక వంటింట్లోకి వెళ్తే మాట తెగిపోతుంది. ఫిర్యాదు పెట్టడం తేలికే. 198కి కొట్టాను, డాకెట్ నంబరు మెసేజీలో వచ్చేసింది.

మనిషి వచ్చాక మొదలైంది అసలు భాగోతం. బండి కూడా దిగలేదు మహానుభావుడు. రోడ్డు మీదే ఫోను ఎత్తి చూపించి, "ఫుల్ సిగ్నల్ ఉంది కదండీ, ఇంకేం కావాలి?" అన్నాడు. లోపలికి వచ్చి చూడు నాయనా అంటే, "మీ గోడలకి మేమేం చేస్తామండీ" అని ఎదురింటివాళ్ళు వినేలా నవ్వాడు. వాళ్ళూ నవ్వారు, ఈ పెద్దాయనకి ఫోను వాడటం రాదన్నట్టు. బండి మలుపు తిరిగిందో లేదో, "మీ సమస్య పరిష్కరించబడింది" అని మెసేజీ! మళ్ళీ 198కి చేస్తే ఫోను ఆఫ్ చేసి ఆన్ చేయమంది అమ్మాయి.

కరెంటాఫీసులో లెక్కలు చూసి రిటైరైనవాణ్ణి, గీతలు చూపించి నన్ను మాయ చేయలేరు. ఒక్కో ఫోనులో గీతలు ఒక్కోలా పడతాయి, వాటిని నమ్మొద్దు. ఆండ్రాయిడ్ సెట్టింగుల్లో అబౌట్ ఫోన్, అందులో సిమ్ స్టేటస్ చూస్తే డీబీఎం అంకె ఉంటుంది, అదీ సిగ్నల్ అసలు బలం. మైనస్ పక్కన అంకె పెరిగేకొద్దీ సిగ్నల్ తగ్గినట్టు. మాకు రోడ్డు మీద మైనస్ 87, వంటింట్లో మైనస్ 117. ప్రతి పదికీ పది రెట్లు లెక్క, కాబట్టి 30 తేడా అంటే 30 రెట్లు కాదు, వెయ్యి రెట్లు తక్కువ. రెండూ స్క్రీన్‌షాట్ తీసి అప్పీలుకి జతచేశాను. ఫిర్యాదు తేలకపోతే మొర వినడానికి ప్రతి ఫోను కంపెనీలోనూ అప్పీలు అథారిటీ ఉంటుంది. ఫీజు లేదు, 39 రోజుల్లో తేల్చాలి. ఆ సంగతి అడిగితే తప్ప చచ్చినా చెప్పరు.

ఈసారి వచ్చిన కుర్రాడు చెప్పులు విప్పి వంటింటి దాకా వచ్చాడు. "ఈ వైపు కొండ అడ్డమండీ. పైగా 2300 మెగాహెర్ట్జ్ ఫ్రీక్వెన్సీ సిగ్నల్ గోడలు దాటి రాలేదు, 850 అయితే కాస్త చొరబడుతుంది" అన్నాడు. యాంటెన్నా ఎత్తొచ్చుగా అన్నాను. "ఇష్టమొచ్చినట్టు ఎత్తకూడదు బాబాయ్ గారూ. పక్క టవర్లోనూ ఇదే ఫ్రీక్వెన్సీ వాడతాం, అక్కడివాళ్ళకి మనది రొద అయిపోతుంది. ఉన్న కాస్త స్పెక్ట్రమ్‌తోనే, అంటే మాకున్న కొద్ది ఫ్రీక్వెన్సీలతోనే ఊరంతా నడవాలి, అందుకే ఏ టవర్ని దాని హద్దులోనే ఉంచుతాం." మొదటివాడికి ఇదంతా తెలియకా? బండి దిగడానికి బద్ధకం!

చివరికి టవర్ మీది యాంటెన్నా వంపు కొద్దిగా మార్చారు. వంటింట్లో ఇప్పుడు మైనస్ 107, అంటే పది రెట్లు మెరుగు. మాట తెగడం లేదు, వీడియో మాత్రం ఇంకా తిరుగుతూనే ఉంటుంది. వైఫై ఉన్నవాళ్ళు వైఫై కాలింగ్ ఆన్ చేసుకోండి. మొదటివాడు రాసిన రిపోర్టు మీద ఇంకో ఫిర్యాదు పెట్టాను, జవాబు రావాలి.