మునగచెట్టు మీద బొగ్గుముక్క

మా పెరట్లో మునగచెట్టు పూతకొచ్చిందంటే చాలు, తెల్లారేసరికి తేనెపిట్టలు దిగిపోతాయి. తోకతో కలిపి 10 సెంటీమీటర్లు ఉంటాయేమో, ఒక పూగుత్తి మీద రెండు సెకన్లు ఆగితే ఎక్కువ. పోయిన సంక్రాంతి సెలవుల్లో మేడమెట్ల మీద కూర్చుని 900 ఫొటోలు తీశాను. అన్నిట్లోనూ తెల్లటి ఆకాశం మీద ఒక బొగ్గుముక్క. మా అత్తగారు చూసి "ఇదేంటమ్మా, కాకిపిల్లా?" అన్నారు.

ఎడిటింగ్‌లో సరిచేద్దామని షాడోస్, అంటే నీడభాగాల వెలుగు, పైకి లాగాను. నలుపు బూడిదరంగైంది, దాని మీద ఇసుక చల్లినట్టు నాయిస్. శాచ్యురేషన్ (రంగుల గాఢత) పెంచితే వంకాయకి రెక్కలొచ్చినట్టుంది. ఆ ఫొటో ఇప్పటికీ డిలీట్ చేయలేదు, బుద్ధి రావాలని.

మగపిట్ట ఊదా మెరుపు అద్దకం రంగు లాంటిది కాదు. ఈకల్లోని సన్నటి నిర్మాణం మీద వెలుగు పడి మనవైపు తిరిగొస్తేనే కనిపిస్తుంది, లేకపోతే పిట్ట నల్లగానే ఉంటుంది. నేనేమో ఎండకి ఎదురుగా కూర్చున్నాను! మర్నాడు పొద్దున ఏడింటికి తులసికోట పక్కకి మారాను. ఎండ నా వీపు మీద, పిట్ట వెనకాల పక్కింటి వేపచెట్టు నీడ. మొదటిసారి దాని నుదురు నీలంగా మెరిసింది.

సెట్టింగ్స్‌లో నా అసలు జబ్బు ఐఎస్ఓ (వెలుగుకి కెమెరా ఎంతగా స్పందించాలో చెప్పే అంకె) అంటే భయం. నాది పాత క్రాప్ సెన్సర్ (చిన్న సైజు సెన్సర్) కెమెరా, సెకండ్‌హ్యాండ్‌లో కొన్న 150-600 ఎంఎం జూమ్ లెన్స్. నాయిస్ వస్తుందని 800 దాటనిచ్చేదాన్ని కాదు, దాంతో షటర్ వేగం 1/320 సెకనుకి పడిపోయేది. ఇప్పుడు మాన్యువల్‌లో 1/2500, ఎఫ్ 6.3 (లెన్స్ ఎంత తెరుచుకోవాలో చెప్పే అంకె), ఐఎస్ఓ ఆటోలో 6400 దాకా వదిలేశాను. నాయిస్ తర్వాత తగ్గించుకోవచ్చు, కదిలిపోయిన కన్నుని ఏం చేసినా బాగుచేయలేం. వెనక ఆకాశం ఉంటే ఎక్స్‌పోజర్ (ఫొటో మొత్తం వెలుగు) ప్లస్ 1, వేపచెట్టు ఉంటే మైనస్ 0.7. లేకపోతే చీకటి చూసి కెమెరా కంగారుపడి వెలుగు పెంచేస్తుంది, నుదుటి మెరుపు కాస్తా తెల్లబడిపోతుంది.

ఫోకస్ మాత్రం ఇంకా టెన్షనే. జూమ్ 600 దగ్గర, నాలుగు మీటర్ల దూరంలో, పదునుగా వచ్చే లోతు దాదాపు ఒక్క సెంటీమీటరు. ముక్కు మీద పడితే కన్ను పోయినట్టే. అందుకే పిట్ట వెంట పరిగెత్తడం మానేసి, తాజాగా విచ్చిన గుత్తికి ఫోకస్ పెట్టి కాచుకుంటాను. వచ్చేముందు "చివిట్ చివిట్" అని అదే చెబుతుంది. అప్పుడు అరసెకను బర్స్ట్ (గబగబా వరస ఫొటోలు), అంతే. రా ఫైళ్ళు (కెమెరా సవరించకుండా దాచే పెద్ద ఫైళ్ళు) కదా, అంతకుమించి నొక్కితే మా ముసలి కెమెరా మొరాయిస్తుంది.

ఎడిటింగ్ అయిదు నిమిషాలే. క్రాప్, నాయిస్ తగ్గింపు, పిట్టకి మాత్రమే మాస్క్ వేసి కాస్త షాడోస్, తలకి కొంచెం షార్పెనింగ్. రంగుల స్లయిడర్ల జోలికి వెళ్ళను.

ఈ వారం ఆడపిట్ట నారపీచు, సాలెగూడు దారాలు ముక్కున పట్టుకుని మా బట్టలు ఆరేసే తీగ చుట్టూ తిరుగుతోంది. గూడు కట్టే పనంతా దానిదే, మగాయన పక్కన కూర్చుని కూస్తుంటాడు. అత్తగారు బట్టలన్నీ మేడమీదికి మార్చేశారు. గూడు దగ్గరికి కెమెరా పట్టుకుని వెళ్ళొద్దని నాకూ ఆర్డరేశారు.