మా ఆవిడ ఇంటిపేరు, నాక్సోస్‌లో చవక గది: నా అనుభవం

నిన్న రాత్రే గ్రీసు నుంచి గుంటూరు చేరాం. సూట్‌కేసులు ఇంకా విప్పలేదు. విప్పి, సర్ది, నిద్రపోయి లేచాక ఆ వీసా కౌంటర్ మీద కోపం చల్లారిపోతుందేమోనని భయం. అందుకే ముందు రాసేస్తున్నాను.

నేను రిజిస్ట్రేషన్ శాఖలో ముప్పై రెండేళ్ళు పనిచేసి రిటైరయ్యాను. మా ఆవిడ జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ టీచరు. ఏటా పిల్లలకి గ్రీకు నాగరికత చెప్పి, మ్యాపులో ఏజియన్ సముద్రానికి నీలం రంగు వేయించిన మనిషి, తను మాత్రం సూర్యలంక దాటి సముద్రం ఎరగదు. రిటైరైన రోజు మెళ్ళో దండ తీసి కుర్చీకి తగిలిస్తూ, "ఆ దీవుల్లో ఒక్కటైనా చూడాలండీ" అంది. అదే మొదటిసారి నోరు తెరిచి అడగడం.

పిల్లలు సాంటోరిని అన్నారు. రేట్లు చూసి ల్యాప్‌టాప్ మూసేశాను. రెండు వారాలు వెతికి నాక్సోస్ పట్టాను. సైక్లాడీస్ అనే ఆ గ్రీకు దీవుల గుంపులోకెల్లా పెద్దది. సొంతంగా పంటా పాడీ ఉన్న దీవి, బంగాళాదుంపలకీ గ్రావియేరా అనే చీజుకీ పేరు మోసింది. రేవు నుంచి నడిచిపోయేంత దూరంలోనే ఆయోస్ యోర్గియోస్ బీచి, దాని వెనక సందుల్లో చిన్న చిన్న హోటళ్ళు. వాటిలో ఒకదాంట్లో స్టూడియో గది, అంటే మూలన ఒక పొయ్యి, చిన్న ఫ్రిజ్, రెండు గిన్నెలు ఉండే గది, రాత్రికి 45 యూరోలకి దొరికింది. అది మే నెలాఖరు రేటు. జూలై, ఆగస్టుల్లో అదే గది రెట్టింపు పలుకుతుంది. పైగా అప్పుడు మెల్తెమి అనే ఉత్తరపు గాలి కొడుతుంది. అది ఎక్కువైతే పడవలు ఆపేస్తారు. మేలో వెళ్ళండి, వాదించకండి.

మా ఊళ్ళో ఒక ఏజెంటు ఉన్నాడు. "గదెందుకు సార్ ఇప్పుడే, డమ్మీ బుకింగ్ పెట్టి వీసా రాగానే కాన్సిల్ చేద్దాం" అన్నాడు. ముప్పై రెండేళ్ళు దస్తావేజులు చూసినవాణ్ణి, తప్పుడు కాగితం వాసన నాకు ఆమడ దూరం నుంచే తగులుతుంది. అతని షాపులో కాఫీ కూడా తాగకుండా లేచి వచ్చేశాను. నిజంగా వెళ్ళేవాడికి నిజం గదే ఉండాలి.

ఫైలు నేనే కట్టాను. ఇన్సూరెన్సు 30,000 యూరోలకి తగ్గకూడదు, తీశాను. బ్యాంకు స్టేట్‌మెంట్లు, పెన్షన్ ఆర్డర్లు, ఐటీ రిటర్నులు, టికెట్లు, హోటల్ కాగితం. పేజీ నంబర్లు వేసి, ముందు ఇండెక్స్ పెట్టి, ట్యాగుతో కట్టాను. మార్చిలో ఒక రాత్రి బస్సెక్కి హైదరాబాద్ దిగి, మా మేనల్లుడి ఇంట్లో స్నానాలు చేసి, వీసా కేంద్రానికి అరగంట ముందే చేరాం. ఇంత పద్ధతైన ఫైలు ఆ కేంద్రం చూసి ఉండదని మా ఆవిడతో అన్నాను కూడా.

కౌంటర్లో పాతికేళ్ళు కూడా నిండని అమ్మాయి. ఇండెక్స్ చూడనే లేదు. ట్యాగు విప్పేసి కాగితాలన్నీ పేకముక్కల్లా కలిపేసింది. హోటల్ కాగితం దగ్గర ఆగింది. దాన్నీ మా ఆవిడ పాస్‌పోర్టునీ పక్కపక్కన పెట్టి చూసింది. తర్వాత నన్ను చూసింది.

"అంకుల్, ఇందులో ఉన్న ఆవిడ రాలేదా?"

నాకర్థం కాలేదు. "ఈవిడే" అన్నాను.

"కాదంకుల్, ఇందులో వేరే ఆవిడ ఉన్నారు."

వెనక కుర్చీల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. మా ఆవిడ చీర కొంగు భుజం చుట్టూ తిప్పుకుని నేల చూస్తోంది. అప్పుడు వెలిగింది. గది బుక్ చేసినప్పుడు సైటులో నా పేరు ఒక్కటే పట్టింది. రెండో మనిషి పేరు కింద ఖాళీలో నేనే టైపు చేశాను, అలవాటు కొద్దీ నా ఇంటిపేరుతో. మా ఆవిడ పాస్‌పోర్టులో ఉన్నది పుట్టింటి ఇంటిపేరు. పదో తరగతి సర్టిఫికెట్లో అదే, సర్వీసు రిజిస్టర్లో అదే, పాస్‌పోర్టులో కూడా అదే ఎక్కింది. మనలో సగం ఇళ్ళలో ఆడవాళ్ళ సంగతి ఇంతే కదా.

"మ్యారేజ్ సర్టిఫికెట్ ఇవ్వండి, చూస్తాను" అంది ఆ అమ్మాయి.

ఇక్కడ దాచకుండా చెప్తున్నాను. ఊళ్ళో వాళ్ళ పెళ్ళిళ్ళన్నీ నా చేతుల మీదుగా రిజిస్టరయ్యాయి. మాది కాలేదు. 1988లో తెనాలిలో పెళ్ళయింది, వీడియో కూడా లేదు, శుభలేఖ ఎక్కడుందో తెలీదు. "మీరెక్కడ పనిచేశారంకుల్?" అని ఆ అమ్మాయి అప్పుడే అడగాలా? చెప్పాను. ఆమె నవ్వలేదు. పక్క కౌంటర్లో అబ్బాయి నవ్వాడు.

మా ఆవిడే మెల్లగా పాస్‌పోర్టు చివరి పేజీ తెరిచింది. అక్కడ భర్త పేరు అని నా పేరు అచ్చు వేసి ఉంది. దాంతో మేం మొగుడూ పెళ్ళాలమని తేలింది. కానీ గది మాత్రం ఇంకా ఎవరో పరస్త్రీ పేరునే ఉంది. "ఇలాగే ఇస్తానంటే తీసుకుంటాను, కాగితాలు సరిగా లేవని తెలిసే ఇస్తున్నానని సంతకం పెట్టాలి. లేదంటే హోటల్ వాళ్ళ దగ్గర ఇద్దరి పేర్లూ పాస్‌పోర్టులో ఉన్నట్టే లెటర్ తెచ్చుకుని మళ్ళీ రండి" అంది. తప్పుల ఫైలు మీద నేను సంతకం పెట్టడమా? లేచాను. ట్యాగు కూడా అక్కడే మర్చిపోయాను.

బయట నిమ్మసోడా బండి దగ్గర మా ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. గ్లాసు తిరిగి ఇచ్చేస్తూ, "సుబ్బాయమ్మ గుర్తుందా?" అంది. గుర్తుంది. దస్తావేజులో సుబ్బమ్మ, రేషన్ కార్డులో సుబ్బాయమ్మ. ఆ ముసలమ్మని మూడుసార్లు తిప్పాను. మూడోసారి మా ఇంటికొచ్చి మా ఆవిడ కాళ్ళు పట్టుకోబోయింది. ఆ సంగతి ఈవిడకి ఇన్నేళ్ళు గుర్తుండటం నాకు నచ్చలేదు.

మేనల్లుడు "కాన్సిల్ చేసి మళ్ళీ బుక్ చేద్దాం మావయ్యా, రెండు నిమిషాల పని" అన్నాడు. చూస్తే అదే గది 70 యూరోలు చూపిస్తోంది. ఐదు రాత్రులకి 125 యూరోల తేడా. ఒక ఇంటిపేరుకి అంత రేటు కట్టడం నా వల్ల కాదన్నాను. హోటల్‌కి మెయిలు పెట్టాను. జవాబు లేదు. ఇంకోటి పెట్టాను. లేదు. తర్వాత తెలిసింది, దీవుల్లో చిన్న హోటళ్ళు చాలావరకు నవంబరులో మూసేస్తే మళ్ళీ వాళ్ళ ఈస్టర్ వేళకి తెరుస్తారు. మార్చిలో మెయిలు చూసే నాథుడుండడు. సైటు వాళ్ళని అడిగితే "హోటల్‌నే అడగండి" అని పుణ్యం కట్టుకున్నారు.

బుకింగ్ కాగితం మీద ఫోన్ నంబరుంది. రోజూ సాయంత్రం ఆరున్నరకి కాఫీ తాగి చేసేవాణ్ణి, ఎవరూ ఎత్తేవారు కాదు. అది వాళ్ళకి మధ్యాహ్నం నిద్రవేళ. అక్కడ మూడు నుంచి ఐదున్నర దాకా ఎవరినీ కదిలించకూడదు. రాత్రి పదింటికి చేస్తే ఎత్తారు. పెద్దావిడ గొంతు. హోటల్ ఆవిడదేనట, చలికాలం ఏథెన్సులో కూతురింట్లో ఉంటుందట. వచ్చీరాని ఇంగ్లీషు ఆవిడది, నాది వచ్చిందనుకునే ఇంగ్లీషు.

"లెటర్ పంపిస్తారా?" అని అడిగాను.

"నే, నే" అంది.

నేను ఫోను చేత్తో మూసి, "తనే పంపుతుందట, నేనే నేనే అంటోంది" అని ఇంట్లో వాళ్ళకి చెప్పాను. మేనల్లుడు, "కాదు మావయ్యా, నో నో అంటోంది" అన్నాడు. మళ్ళీ అడిగాను. మళ్ళీ "నే, నే". ఈసారి కొంచెం విసుగ్గా. పంపనంటే పంపనని చెబుతుంటే ఈ ముసలాడు వదలడేంటనుకుంటోందేమోనని క్షమాపణ చెప్పి పెట్టేశాను. ఆ రాత్రి గది మీద ఆశ వదులుకున్నాను. పొద్దున్నే మా ఆవిడ ఫోనులో వెతికి, కళ్ళజోడు ముక్కు మీదికి జార్చుకుని చెప్పింది: గ్రీకులో "నే" అంటే అవును.

అన్నట్టు వాళ్ళకి వాట్సాప్ కన్నా వైబర్ ఎక్కువ. వైబర్ పెట్టుకున్నాకే కాగితాలు కదిలాయి.

మొదటి ఉత్తరం నాలుగు రోజులకి వచ్చింది, మొత్తం గ్రీకులో. రెండోది ఇంగ్లీషులో, కానీ మా ఆవిడ పేరు విరిగిపోయింది. పేరు రాయను గానీ అందులో ఒక "ద" ఉంది. గ్రీకు వాళ్ళు మన డ, ద లాంటి శబ్దం రాయాలంటే న, త లకి సరిపోయే రెండక్షరాలు కలిపి రాస్తారు. ఆవిడ ఫోనులో విని గ్రీకులో రాసుకుంది, దాన్ని ఇంకెవరో అక్షరానికి అక్షరం ఇంగ్లీషులోకి దించారు. "ద" ఉన్న చోట ఎన్, టి వచ్చి కూర్చున్నాయి. ఇంటిపేరు మాత్రం బంగారంలా కుదిరింది! ముప్పై రెండేళ్ళ సర్వీసులో నేను చూసిన తప్పులన్నీ ఒక ఎత్తు, ఇదొక ఎత్తు. పాస్‌పోర్టు ఫొటో పంపి, ఆ ఒక్క అక్షరం చుట్టూ ఎర్ర గీత గీసి, మూడో ఉత్తరం తెప్పించాను. కింద హోటల్ ముద్ర, సంతకం, గుండ్రంగా, నీలం సిరాతో. దాన్ని కలర్ ప్రింటు తీయించాను.

మళ్ళీ అపాయింట్‌మెంట్, మళ్ళీ రాత్రి బస్సు. ఈసారి వేరే అబ్బాయి. ఉత్తరం వచ్చిన చోట పేజీ ఇట్టే తిప్పేశాడు. నేను ఆపి, "ఇది హోటల్ వాళ్ళ లెటర్ బాబూ, పేర్లు చూడు" అన్నాను. "ఓకే సర్" అన్నాడు, చూడకుండానే. వేలిముద్రలిచ్చి, మనిషికి 90 యూరోల లెక్కన ఫీజూ, దాని మీద కేంద్రం వాళ్ళ చార్జీలూ కట్టి వచ్చేశాం. పన్నెండు రోజుల్లో వీసాలు వచ్చాయి.

మిగతాదంతా సులువే. ఏథెన్సు ఎయిర్‌పోర్టు నుంచి పిరేయస్ రేవుకి మెట్రో నేరుగా పోతుంది, మనిషికి 9 యూరోలు. ఎక్స్96 బస్సు అయితే 5.50, రాత్రంతా ఉంటుంది. మేం బస్సే ఎక్కాం. రేవు చాలా పెద్దది, గేటు నంబరు ముందే చూసుకోకపోతే సామానుతో ఊరేగాల్సిందే. కొన్ని పడవలు పిరేయస్ నుంచి కాకుండా రఫీనా అనే ఇంకో రేవు నుంచి వెళ్తాయి, టికెట్ మీద రేవు పేరు చదవండి. మాది పొద్దున ఏడున్నర లోపు కదిలే పెద్ద పడవ, ఐదు గంటలు పైనే పట్టింది. వేగంగా పోయే చిన్నవాటి జోలికి పోలేదు, వాటికి టికెట్టూ ఎక్కువే, వాంతులూ ఎక్కువేనట. ముందు పారోస్‌లో ఆగుతుంది. అక్కడ దిగిపోకండి. మేం సూట్‌కేసు పట్టుకుని మెట్ల దాకా వచ్చేశాం.

నాక్సోస్ రేవులోకి పడవ తిరుగుతుంటే కుడిపక్కో ఎడమపక్కో, ఇప్పుడు గుర్తు లేదు, చిన్న గుట్ట మీద ఒంటరిగా పాలరాతి ద్వారబంధం కనిపించింది. క్రీస్తుపూర్వం ఆరో శతాబ్దంలో మొదలుపెట్టి వదిలేసిన అపోలో గుడిలో మిగిలింది అదే. పోర్తారా అంటారు. గుడి లేదు, గుమ్మం ఉంది. మా ఆవిడ రైలింగు పట్టుకుని నిలబడిపోయింది. ఫొటో తీస్తానన్నా ఇటు తిరగలేదు.

రేవులో పెద్దావిడ అట్టముక్క పట్టుకుని నిలబడి ఉంది. దాని మీద రెండు ఇంటిపేర్లు, ఒకదాని కింద ఒకటి, పాస్‌పోర్టులో ఉన్నట్టే. "హోటల్ ఆవిడ మీరేనా?" అన్నాను ఇంగ్లీషులో. "నే" అంది. అవును అందో నేనే అందో, ఎలాగైనా సరిపోయింది.

గది అద్దెతో పాటు రాత్రికి 2 యూరోల వాతావరణ పన్ను విడిగా నగదు తీసుకుంది. అది ప్రభుత్వానిది, పోట్లాడకండి. హోటల్ స్టార్లు పెరిగేకొద్దీ పన్నూ పెరుగుతుంది, ఐదు స్టార్లయితే రాత్రికి 15. బాత్రూములో కాగితాలు కమోడ్‌లో వేయొద్దని బోర్డు ఉంటుంది, పైపులు సన్నం. మనకి చెంబుతో పని కాబట్టి ఆ బాధ లేదు. గుంటూరు నుంచి ప్లాస్టిక్ మగ్గు తీసుకెళ్ళడం ఈ ప్రయాణంలో నేను చేసిన తెలివైన పని.

మూడో రోజు మా ఆవిడ అక్కడి బంగాళాదుంపలు కొనుక్కొచ్చి, వెంట తెచ్చిన కారం వేసి వేపుడు చేసింది. ఆ వాసనకి పెద్దావిడ గుమ్మంలోకి వచ్చింది. కూర్చోబెట్టి పళ్ళెంలో పెట్టాం. ఒక ముక్క నోట్లో వేసుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "కారం ఎక్కువైందా?" అని మా ఆవిడ సైగ చేసి అడిగింది. ఆవిడ కనుబొమలెగరేసి, తల వెనక్కి విసిరి, నాలుకతో "చ్" అంది. మనింట్లో ఎవరైనా అలా అంటే ఆ కూర ఇంక చేయం. మా ఆవిడ ముఖం చిన్నబోయింది. గిన్నె మూత పెట్టేయబోతుంటే పెద్దావిడ ఆ చెయ్యి పట్టుకుని ఆపి, గరిట తనే అందుకుని ఇంకాస్త వడ్డించుకుంది.