మింగ్ కుర్చీ నమూనా: వంపు కమ్మీ అమరింది

నాలుగో వంతు కొలతలో చేస్తున్న చ్వెన్‌యీకి, అంటే వీపూ చేతులూ ఒకే వంపు కమ్మీగా ఉండే పాత చైనా కుర్చీకి, ఈ వారం పైకమ్మీ కూర్చాను. వీపు వెనక మొదలై, భుజాల పక్కగా దిగి, అరచేతుల దాకా ఎక్కడా తెగకుండా సాగే ఆ వంపే ఈ కుర్చీకి ప్రాణం. చైనా మింగ్ రాజవంశ కాలపు ‘అధికారి టోపీ’ రకం కుర్చీల్లో వీపు పట్టీ వేరు, చేతులు వేరు. ‘గులాబీ కుర్చీ’ అనే ఇంకో రకానికి వీపే పొట్టి. అవీ అందమైనవే కానీ, నా మనసు దీని మీదే పడింది.

మేలిరకం పాత కుర్చీలకు హైనాన్ దీవి హ్వాంగ్‌హ్వాలీ చేవ వాడేవారు. మన జిట్రేగిదీ అదే డాల్బెర్జియా ప్రజాతి. అందుకే పాత మంచం కోళ్ల నుంచి తీసిన జిట్రేగితో చేస్తున్నాను. చైనాలో అంతకన్నా విలువైనదిగా చూసే జితాన్ కలపను సాధారణంగా మన ఎర్రచందనంగానే గుర్తిస్తారు. దాని జోలికి మాత్రం వెళ్లను.

ఇంత గట్టి చేవను వంచబోతే చిట్లుతుంది. అందుకే పాత వడ్రంగులు దళసరి చెక్కలోంచి వంపు ముక్కలు కోసి, మూడో ఐదో కలిపేవారు. నేను ఐదు తీసుకున్నాను. ముక్క పొట్టిదైతే వంపు దగ్గర నార అడ్డంగా తెగదు. ప్రతి కొసను సగం మందానికి చెక్కి, చివర చిన్న నాలుక వదలాలి. కొసలు ఒకదానిపై ఒకటి కూర్చున్నాక నాలుకలు ఎదుటి గాడుల్లో దూరతాయి, ఇక పక్కకు జరగవు. నడుమ చదరపు బెజ్జంలో కొన సన్నబడే చీల దిగ్గొడితే లాగినా ఊడదు. నా కమ్మీ మందం 8 మిల్లీమీటర్లు, చీల 2. జిగురు చుక్కైనా వేయలేదు. ముక్కలను ముందే గుండ్రం చేయకూడదు. పలకలుగానే కలిపి, చీల బిగిశాక నునుపు చేస్తే అతుకు మీద వేలు ఆగదు.

కాళ్లు కిందికి పోయేకొద్దీ కాస్త బయటికి వాలతాయి కాబట్టి బెజ్జాలూ వాలుగానే తొలవాలి. కింది అడ్డకమ్మీల్లో ముందుది అన్నిటికన్నా కిందికి, పక్కవి కొంచెం పైకి, వెనకది ఇంకా పైకి పెట్టాను. మెట్టుమెట్టుగా ఎదుగుదల అని చైనావారు దీన్ని శుభంగా భావిస్తారు. వడ్రంగికి కలిసొచ్చేది ఇంకొకటి: బెజ్జాలన్నీ ఒకే ఎత్తున పడి కాలు బలహీనపడదు.

ఇక ఎస్ ఆకారపు వీపు పలక, పేము అల్లిక మిగిలాయి. ముందు పలక చెక్కుతాను. దాని పైకొన కమ్మీ అడుగు గాడిలో, కిందికొన ఆసనపు చట్రంలో ఒకేసారి కూర్చోవాలి కనుక, అది కుదిరేదాకా చట్రం బిగించను.