పంది తొట్టి దగ్గరికి రాకపోతే

వారానికి ఇద్దరు ముగ్గురైనా ఫోన్ చేస్తారు, "అన్నా, పంది తింటలేదు, ఏం సూది వెయ్యాలె?" అని. ఎక్కువమంది కొత్తగా షెడ్డు వేసినవాళ్లే. నేను తిరిగి అడిగేది ఒక్కటే, జ్వరం చూసినవా అని. అవతల సప్పుడు ఉండదు. లక్షలు పోసి పందులు కొంటాం, థర్మామీటర్ మాత్రం కొనం. నేనూ మొదటి రెండేళ్లు అట్లనే గడిపాను కాబట్టి ఎవరినీ తిట్టే హక్కు లేదు, కానీ తెలిసింది ఒకచోట రాసిపెడితే ఫోన్లయినా తగ్గుతాయని ఆశ.

మాది నార్కట్‌పల్లి, నకిరేకల్ మధ్య, హైవే దిగి మూడు కిలోమీటర్లు లోపలికి. పన్నెండు తల్లి పందులు, రెండు మగవి, పిల్లల లెక్క నెలనెలా మారుతుంది. అన్నీ తెల్ల సీమ పందులే. మా ఊళ్లో తాతల కాలం నుంచి పందులు పెంచిన ఎరుకల పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు, నేను తాతా అని పిలుస్తాను. ఆయన మా షెడ్డుకి వస్తే పందుల మొఖాలు చూడడు, తోకలు చూస్తాడు. మెలి తిరిగి ఉన్న తోక కిందికి వేలాడిందంటే "దీన్ని పక్కకు తియ్యి బిడ్డా" అంటాడు. నేను థర్మామీటర్ పెట్టి చూస్తే పదిసార్లలో ఏడెనిమిది సార్లు 104 దాటే ఉంటుంది. మంచిగున్న పందికి 102 అటూ ఇటూ ఉంటుంది, అది గుర్తుపెట్టుకుంటే చాలు. ఇంకో మాట, కొలిచేది పొద్దున చల్లగా ఉన్నప్పుడే. మన ఎండలకి మే నెల మధ్యాహ్నం కొలిస్తే అన్నీ జ్వరంతో ఉన్నట్టే కనిపిస్తాయి. పందికి మనలాగా చెమట పట్టదు, అందుకే బురద కోసం అంత ఆరాటం.

అసలు కథకి వస్తాను. రెండో ఏడు వేసవిలో స్వైన్ ఫీవర్ అనే పందుల జబ్బుకి టీకా తెచ్చాను. బండి మీద, అంగీ జేబులో. ఐస్ లేదు ఏమీ లేదు, ఎండ నడినెత్తి మీద ఉంది, దారిలో చాయ్ తాగడానికి కూడా ఆగాను. అది బతికున్న వైరస్‌ని బలహీనం చేసి తయారుచేసిన టీకా, తయారైన దగ్గర్నుంచి పందికి ఎక్కేదాకా చల్లగా ఉండాలి, కలిపిన తర్వాత రెండు గంటల లోపల వాడెయ్యాలి అని నాకు అప్పుడు తెలియదు. నేను వేసింది ఉత్త నీళ్లతో సమానం. టీకా వేయించాననే ధైర్యంతో, తక్కువకి వస్తున్నాయని ఒక వ్యాపారి దగ్గర ఎనిమిది పిల్లల్ని కొని, దించిన రోజే మావాటితో కలిపేశాను. వారం తిరక్కుండానే మొదలైంది. ఒకదాని మీద ఒకటి ఎక్కి మూలకి పడుకోవడం, 106 జ్వరం, కళ్లల్లో పుసులు, ముందు పెంటికలు గట్టిపడి తర్వాత పసుపు రంగులో పారడం. నడిస్తే వెనక కాళ్లు తూలేవి, తాగినోళ్లలా. తర్వాత చెవులు, పొట్ట కింద భాగం ఊదారంగుకి తిరిగాయి. సీమ పందుల్లో ఇది కనిపిస్తుంది కానీ నల్ల ఊర పందుల్లో కనపడదు, వాటికి చెవి లోపలి వైపు, పొట్ట కింద వెతకాలి.

పందొమ్మిది పోయాయి. డాక్టర్ వచ్చి ఒకదాన్ని కోసి చూపించాడు, కిడ్నీ మీద పిట్ట గుడ్డు మీద ఉన్నట్టు సన్న సన్న ఎర్ర చుక్కలు. వైరస్ కాబట్టి యాంటీబయాటిక్ దాన్ని ఏమీ చేయదు. మరి నేను కొట్టించిన సూదులో? మందుల షాపాయనకి తప్ప ఎవరికీ పనికి రాలేదు. ఇప్పుడు పిల్లలకి రెండు మూడు నెలల వయసులో, తర్వాత ఏడాదికోసారి టీకా పడుతుంది, అదీ ఐస్ డబ్బాలో వచ్చిందే. కొత్తగా కొన్నవి ఏవైనా నెల రోజులు షెడ్డుకి దూరంగా పాత కోళ్ల గదిలో ఉంటాయి, వాటికి దాణా పోసేది అన్నిటికంటే చివర, చెప్పులు వేరు, బకెట్టు వేరు.

పేరు విని చాలామంది గందరగోళపడుతున్నారు కాబట్టి చెప్తున్నాను, స్వైన్ ఫీవర్ వేరు, స్వైన్ ఫ్లూ వేరు. 2009లో స్వైన్ ఫ్లూ గోల వచ్చినప్పుడు పందుల వాళ్లని చూస్తేనే జనం ముక్కు మూసుకున్నారట, తాత ఇప్పటికీ చెప్పి నవ్వుతాడు. అది మనుషుల నుంచి మనుషులకి అంటిన ఫ్లూ. స్వైన్ ఫీవర్ మనుషులకి రాదు, కానీ మన చెప్పుల మీద, బండి టైర్ల మీద ఎక్కి పక్క షెడ్డుకి మాత్రం హాయిగా పోతుంది.

దీనికి అన్నలాంటిది ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్. మన దేశంలో మొదటిసారి 2020లో అస్సాం, అరుణాచల్ ప్రదేశ్ వైపు బయటపడింది. లక్షణాలు చూస్తే రెంటికీ తేడా తెలియదు, డాక్టర్లకే కంటితో తెలియదు, శాంపిల్ ల్యాబ్‌కి పోవాల్సిందే. మందు లేదు, మన షెడ్డు వరకు అందే టీకా లేదు, మామూలు స్వైన్ ఫీవర్ టీకా దీన్ని ఆపదు. తేలిందంటే చుట్టూ కిలోమీటరు లోపల ఉన్న పందులన్నిటినీ చంపి పూడుస్తారు. అందుకే వరసగా రెండు మూడు పెద్ద పందులు ఉన్నట్టుండి చస్తే మాత్రం అక్కడే ఆగి డాక్టర్‌ని పిలవండి, పశువుల అంబులెన్స్ నంబరు 1962కి కొట్టండి. మీరే కోసి చూడొద్దు, ఆ రక్తంలోనే వైరస్ అంతా ఉంటుంది. ఇంకా చావలేదు కదా అని జబ్బు పందుల్ని సగం ధరకి అమ్మేసేవాళ్లు ఉన్నారు, వాళ్ల మీద నాకు కోపం ఉంది. నాకు అమ్మిన వ్యాపారి కూడా అదే చేసి ఉంటాడని నా అనుమానం, కానీ అనుమానంతో ఏం చేస్తాం.

ఇక హోటల్ ఎంగిలి. హైవే పక్కన ఉన్నాం కదా, ధాబాల దగ్గర డ్రమ్ములకి డ్రమ్ములు దొరుకుతుంది. దాణా రేటు చూస్తే అది లేకుండా మాలాంటి వాళ్లకి గిట్టదు, తీసుకోవద్దని నేను చెప్పను. కానీ ఆ లారీలు ఎక్కడెక్కడి నుంచో వస్తాయి, ఆ ఎంగిలిలో ఎవరు తిని పారేసిన పంది మాంసం ముక్క ఉందో మనకేం తెలుసు? ఆఫ్రికన్ వైరస్ ఫ్రీజర్‌లో పెట్టిన మాంసంలో నెలల తరబడి బతికుంటుంది. మరగబెట్టడమంటే పైన ఆవిరి రాగానే దించడం కాదు, అడుగు నుంచి కలుపుతూ అరగంట కుతకుత ఉడకాలి. కట్టెల ఖర్చు నిజమే. నేను మాంసం కలిసిన డ్రమ్ము అసలు ఎక్కించుకోను, అన్నం, రొట్టెలు, కూరగాయల తొక్కు వరకే. అది కూడా ఉడికించే పోస్తాను.

ఆ ఎంగిలిలోనే ఉన్న ఇంకో గండం గురించి ఎవరూ చెప్పరు, ఉప్పు. మూడేళ్ల కింద మే నెలలో మా బోరు మోటర్ కాలిపోయింది. బాగుచేసే మనిషి రేపు మాపు అంటూ ఒకటిన్నర రోజు జరిపాడు. సరిగ్గా అదే వారం ఒక పెండ్లి వంటలు మిగిలితే డ్రమ్ము నిండా తెచ్చాను, పచ్చళ్లు, అప్పడాలు, సాంబారు అన్నీ కలిసినవి. రెండో రోజు సాయంత్రం ఒక పంది గోడకి తల ఆనించి కదలకుండా నిలబడింది. ఇంకొకటి కళ్లు కనపడనట్టు తొట్టికి గుద్దుకుంటోంది. చూస్తుండగానే ఒకటి కుక్కలాగ పిర్రల మీద కూర్చుని, మూతి పైకెత్తి, వెనక్కి పడి కొట్టుకోవడం మొదలుపెట్టింది. మా పనోడు గాలి సోకింది అన్నాడు, నేను ఎవరో మందు పెట్టారేమో అనుకున్నాను. ఆ రాత్రే మోటర్ వచ్చింది, పాపం దప్పికతో ఉన్నాయని పైపు వదిలి తొట్లు నింపేశాను. తెల్లారేసరికి నాలుగు చచ్చాయి.

డాక్టర్ చెప్తే అర్థమైంది. ఉప్పు తిని నీళ్లు లేకపోతే ఆ ఉప్పంతా మెదడులో పేరుకుంటుంది. అప్పుడు ఒక్కసారిగా కడుపు నిండా నీళ్లు పడితే ఆ ఉప్పు నీళ్లని లాక్కుని మెదడు వాస్తుంది. ముందు కొంచెం కొంచెంగా, మధ్యలో ఆగుతూ పోస్తూ పోవాలట. అంటే సగం చావులు ఉప్పు వల్ల, సగం నా జాలి వల్ల. నీళ్లు సరిగ్గా అందితే పంది చాలా ఉప్పుని తట్టుకుంటుందని కూడా చెప్పాడు. ఇప్పుడు రెండో మోటర్ లేదు కానీ ఒక సిమెంటు తొట్టి ఎప్పుడూ నిండుగా ఉంటుంది, పెండ్లి డ్రమ్ము వస్తే పచ్చడి చేత్తో ఏరి పారేస్తాం.

పిల్లల విషయంలో పెద్ద రహస్యాలు ఏమీ లేవు. పుట్టిన ఆరు గంటల లోపల ప్రతి పిల్లా జున్ను పాలు తాగాలి, వెనకబడిన బక్క పిల్లని చేత్తో పట్టి తల్లి ముందు రొమ్ముకి తగిలించండి, పాలు అక్కడే ఎక్కువ. మట్టిలో తిరిగే ఊర పంది పిల్లకి ఐరన్ మట్టిలోనే దొరుకుతుంది, సిమెంటు నేల మీద పుట్టినదానికి ఎక్కడి నుంచి వస్తుంది? తల్లి పాలలో సరిపోయేంత ఉండదు. రెండు వారాలు దాటేసరికి తెల్లగా పాలిపోయి, ఆయాసపడుతూ, పారుకుంటూ ఉంటాయి. 4వ రోజు ఒకటి, 14వ రోజు ఒకటి ఐరన్ సూది వేయించుకుంటే ఆ గొడవే లేదు. చలికాలం రాత్రి మూలకి ఒక బల్బు వేలాడదీయండి, వెచ్చదనం కోసం తల్లి కిందకి దూరి నలిగి చచ్చే పిల్లలే జబ్బుతో చచ్చేవాటికంటే ఎక్కువ.

గజ్జి, నట్టలు ఉన్నవే. చెవుల లోపల పొట్టు లేచి, గోడకి రుద్దుకుని రుద్దుకుని చర్మం ఏనుగు తోలు అయితే గజ్జి. ఐవర్‌మెక్టిన్ అనే మందు సూది వేస్తే గజ్జి పురుగు గుడ్లు చావవు, అందుకే రెండు వారాలకి మళ్లీ ఒకసారి వెయ్యాలి, ఒక్కదానికి కాదు, షెడ్డులో అన్నిటికీ. సూది వేసిన పందిని వెంటనే కోతకి ఇవ్వొద్దు, ఎన్ని రోజులు ఆగాలో సీసా మీదే ఉంటుంది.

మనుషులకి వచ్చేవాటిలో నాకు రెండంటే భయం. ఒకటి బద్దెపురుగు. బయటికి పోయిన మనుషుల మలం తిన్న పంది కండలో సగ్గుబియ్యం గింజల్లాంటి బుడగలు వస్తాయి, ఆ మాంసం సరిగ్గా ఉడకకుండా తిన్న మనిషి కడుపులో పురుగు, ఆ పురుగు గుడ్లు మళ్లీ నోట్లోకి పోతే మెదడులో బుడగలు, ఫిట్స్. పందిని ఊరి మీద వదలకపోతే, పనోళ్లకి మరుగుదొడ్డి ఉంటే ఇది రాదు. రెండోది మెదడువాపు. అది కొంగల నుంచి దోమ, దోమ నుంచి పంది, పంది నుంచి దోమ, అక్కడి నుంచి పసిపిల్లలకి. మిర్యాలగూడ వైపు సాగర్ ఎడమ కాలువ కింద వరి మళ్ల పక్కన షెడ్లు వేసే తమ్ముళ్లు ఇళ్లకి దూరంగా వేసుకోండి, మురుగు నిలవనియ్యొద్దు.

మొన్న కొనడానికి వచ్చినాయన బండి తిన్నగా షెడ్డు లోపలికి తెస్తానన్నాడు. నాలుగు ఊళ్లు తిరిగి వచ్చిన బండి. గేటు దగ్గరే ఆపి, పందుల్ని మేమే తోలుకొచ్చి కాంటా పెట్టాం. "ఏందన్నా, గింత నఖరాలా" అన్నాడు. పందొమ్మిది పందుల కథ చెప్పే ఓపిక లేక ఊరుకున్నాను.

రేపు పొద్దున ఆరింటికి టీకాలు. ఫ్రీజర్ నిండా ఐస్ ప్యాకులు పెట్టేసరికి, ఆదివారానికి తెచ్చిన చేపలు ఎక్కడ పెట్టాలని మా ఇంటామె ఇందాకటి నుంచి గొణుగుతోంది.